పడమరకు మూరెడు

టెన్నిస్‌లో సర్వీసు కొట్టడం నాకు ఒక గూడ్సు బండి గార్డు నేర్పాడు. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నాకు కోపం వస్తుంది. నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు గానీ, ఈ విషయంలో మాత్రం నా కోపం న్యాయమైనదే. ఆయన నేర్పినంత బాగా సర్వీసు నేర్పినవాళ్ళను నేను ఆ తర్వాత కూడా చూడలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు ఒకే ఒక్కటి. ఆ ఒక్కటే నన్ను నిలువునా ముంచబోయింది.

తొంభైల చివర్లో నేను అనంతపురంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. మా ఊరు రాప్తాడు దాటాక హైవే నుంచి లోపలికి నడవాలి. టెన్నిస్ మీద ప్రేమతో నేను ఆ ఆటలోకి పోలేదు. ఆటగాళ్ళకు సాయంత్రం ఒక ఉడికించిన గుడ్డు, రెండు అరటిపండ్లు ఇస్తారని నోటీసు పెట్టారు, అందుకని పోయాను. మా హాస్టల్ సాంబారులో పప్పు గింజ దొరికితే పక్కవాళ్ళను పిలిచి చూపించుకునే రోజులవి. వాలీబాల్‌కు పొట్టిగా ఉన్నానన్నారు. కబడ్డీకి అప్పటికే నిండిపోయారు. టెన్నిస్‌కు మాత్రం ఒక్క ఆడపిల్ల కూడా పేరివ్వలేదు. నేను రాకెట్ ఎప్పుడూ పట్టుకోలేదని ఆటల సారుతో నిజమే చెప్పాను. "ఎవరు పట్టుకున్న్యారులేమ్మా, పో" అన్నాడాయన, పేరు రాసుకుంటూ.

కోర్టు అంటే కాలేజీ వెనకాల చదును చేసిన మట్టి నేల. ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగు. పడమర పక్కన ఎత్తుగా ఒక నీళ్ళ ట్యాంకు ఉండేది. అందులో నీళ్ళు ఎప్పుడుండేవో దానికే తెలియదు. ఆ కోర్టులో ఒక పెద్దాయన, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, ఒంటరిగా సర్వీసులు కొట్టి, తానే అవతలికి నడిచిపోయి బంతులు ఏరుకుని, మళ్ళీ అక్కడినుంచి ఇటు కొడుతున్నాడు. గుంతకల్లు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరై, మా కాలేజీ పక్క వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆట అక్కడి రైల్వే క్లబ్బులోనే నేర్చుకున్నాడట. ఎదురు ఆడే మనిషి దొరక్క అట్లా ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతున్నాడు.

నన్ను చూసి పేరు కూడా అడగలేదు. "చెయ్యెత్తు పాపా" అన్నాడు. ఎత్తాను. భుజం నుంచి వేళ్ళ దాకా ఒకసారి చూసి, "సాలు" అన్నాడు. అప్పటినుంచి ఆయన నాకు తాత.

తాత దృష్టిలో టెన్నిస్ అంటే సర్వీసే. మిగతాదంతా సర్వీసు సరిగ్గా కొట్టలేనివాళ్ళు పడే అవస్థ. ఆటలో ఇంకొకరి ప్రమేయం లేకుండా, మన ఇష్టం వచ్చినంతసేపు తీసుకుని కొట్టే దెబ్బ అదొక్కటేననీ, దాన్ని పాడు చేసుకుంటే ఇంకెవరినీ అనడానికి ఉండదనీ చెప్పేవాడు. ఒక నోటుపుస్తకం కొనుక్కురమ్మని రూల్స్ రాయించాడు. మొదటి రూలు, రాకెట్‌ను మేకు కొట్టే సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. రెండోది, నెట్‌కు ఎదురుగా కాదు, పక్కకు తిరిగి నిలబడాలి. మూడోది, బంతిని పడమరకు మూరెడు ఎగరెయ్యాలి. ఇట్లా పద్దెనిమిది రాయించాడు. నా అక్షరాలు బాగుంటాయి. ఆ రూల్సన్నీ నేను ఎర్ర ఇంకుతో, కింద గీత గీసి మరీ రాసుకున్నాను.

బలం చేతిలో ఉండదని ఆయన మొదటి రోజే చెప్పాడు. నేను నమ్మలేదు. బావిలోంచి నీళ్ళు చేది పెరిగిన చేతులు నావి. వాటి మీద నాకు చెప్పలేనంత పొగరు. బంతిని నా శక్తంతా పెట్టి బాదితే అది నెట్ దాకా కూడా పోకుండా నా ముందే పడింది. తాత వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"గూడ్సు బండి కదిలేది సూసినావా?"

"సూసినా."

"ఇంజను ఒక్కసారిగా లాగదు. ముందు అది రవ్వంత కదుల్తాది. ఆ కుదుపు మొదటి పెట్టెకు తగుల్తాది. అది రెండోదాన్ని గుంజుతాది. అట్ల ఒకదాన్నుంచి ఒకదానికి టకటకమని పోతాపోతా పెరుగుతాది. ఆఖరి పెట్టెలో నేనుంటా. ఇంజను కాడ డ్రైవరు హాయిగా టీ తాగుతాంటాడు. నా గ్లాసులో టీ మాత్రం నా మొగాన ఉంటాది."

ముప్పై ఏళ్ళకు పైగా ఆ టీ మొహాన పోసుకున్న మనిషి కాబట్టి ఆయనకు ఆ సంగతి క్షుణ్ణంగా తెలుసు. మోకాళ్ళు ఇంజను. మోకాళ్ళు వంచి నేలను తన్నితే ఆ ఊపు నడుముకు వస్తుంది, నడుము తిరిగితే భుజానికి, భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి ముంజేతికి. రాకెట్ ఆఖరి పెట్టె. అన్నీ ఒకేసారి కదిలిస్తే ఉత్త మోత తప్ప బండి కదలదు. ఒకటి కదిలి, అది ఆగబోతుండగా తర్వాతిది కదలాలి. ఈ వరస వంటబట్టడానికి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి. ఊళ్ళో మా ఇంటి వెనక నేను మోకాళ్ళు వంచి, నడుము తిప్పి, చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు గోక్కుని, ఖాళీ గాలిలోకి ఎగిరి కొడుతుంటే, పక్కింటామె మా అమ్మతో పిల్లకు దిష్టి తీయించమంది.

వీపు గోక్కోవడం తాత మాటే. బంతి పైన ఉండగా రాకెట్ తల వెనక నుంచి వీపు మీదికి జారాలి, అక్కడినుంచి పైకి లేవాలి. ఎదరకు కాదు, పైకి. బంతి అవతలి కోర్టులో పడాలంటే ఎదరకు కొట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పైకి కొట్టాలి. అరికాళ్ళు నేలను వదిలేంత పైకి. బంతి ఎగిరి, ఇంక పైకి పోలేక, కిందికి రావడానికి మనసొప్పక ఒక్క క్షణం నిలబడుతుంది. ఆ క్షణంలో చెయ్యి పూర్తిగా చాచి అందుకోవాలి. ఇక కొట్టే చివరి ముక్కలో అసలు కిటుకు ఉంది. ముంజెయ్యి బయటికి తిరగాలి, అరచెయ్యి పక్కకు పోయి, బొటనవేలు నేలను చూడాలి. "సెంబులో నీళ్ళు పక్కకు పారబోసినట్ల" అని తాత చెప్పేవాడు. మా వైపు నీళ్ళు పారబోసే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి ఈ ఒక్క ముక్కకు నాకు ఇంకో నెల పట్టింది. అది కుదిరిన రోజు రాకెట్ నుంచి వచ్చిన చప్పుడు వేరు. హాస్టల్ కిటికీలోంచి ముగ్గురు తలలు బయటపెట్టి ఏం పేలిందని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషం నాకు అప్పటిదాకా ఏ పరీక్షలోనూ రాలేదు.

ఇప్పుడు గాలి సంగతి చెప్పాలి. గుంతకల్లు మొదలుకుని మా జిల్లా అంతా ఏడాదిలో ఎక్కువ రోజులు పడమటి గాలే, ఆషాఢం వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు. తీగ మీద ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కోవాలి. గొడుగు ఎవరూ తెరవరు. తెరవాల్సినంత వాన రాదు కాబట్టి దాంతో ఇబ్బంది కూడా లేదు. ఆ గాలిలో బంతిని నెత్తి మీదికి నిటారుగా ఎగరేస్తే అది ఎక్కడో తూర్పున హాస్టల్ గోడ దగ్గర తేలుతుంది. అందుకని మూడో రూలు. బంతిని పడమరకు, అంటే నీళ్ళ ట్యాంకు వైపుకు మూరెడు దూరం ఎగరేస్తే గాలే దాన్ని తెచ్చి మన రాకెట్ ముందు పెడుతుంది. ఈ పక్క నుంచి కొడితే ట్యాంకు ఎడమకు ఉంటుంది, ఆ పక్క నుంచి కొడితే కుడికి. అన్ని రూల్సూ మరిచిపోయినా నా ఎడమ చెయ్యి ట్యాంకును మాత్రం మరిచిపోయేది కాదు. తాత నాతో రోజుకు వంద బంతులు ఉత్తచేత్తో ఎగరేయించి, అవి ముందు కాలి దగ్గర పెట్టిన బొక్కెనలో పడేదాకా వదిలేవాడు కాదు.

గాలికోసం అట్లా ఎగరేస్తున్నామన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఎప్పుడైనా గాలి ఆగిపోతే తాత ఆకాశం వైపు చూసి, "ఈ పొద్దు బంతి సరిగ్గా రాదు పాపా, పో, సదువుకోపో" అని ఆట మాన్పించేవాడు. అట్లా మానేసిన రోజుల్లోనే మేము నేర్చుకోవాల్సింది ఉండిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఫైనలియర్లో యూనివర్సిటీ జట్టుకు కాలేజీల పోటీలు నంద్యాలలో పెడుతున్నారని తెలిసింది. ఆడపిల్లల్లో ఆఖరి నలుగురిలోకి వస్తే జట్టులో చోటు. జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కోర్సులో సీటు ఖాయమని ఆటల సారు చెప్పాడు. అది చదివితే స్కూల్లో ఆటల టీచరు ఉద్యోగం. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఇంకేమీ వినబడలేదు. సీటు రాకపోతే డిగ్రీ చేతబట్టుకుని ఊరికి పోయి శెనక్కాయలు ఒలుచుకోవడమే. ఒలుచుకోవడానికి ఆ ఏడు అవి కూడా లేవు. జూన్‌లో వేసిన విత్తనం ఆగస్టు కల్లా చేలో మాడిపోయింది.

తాతకు అప్పుడే కంటికి శుక్లం ఆపరేషన్ పడింది. కన్ను బాగున్నా ఆయన వచ్చేవాడు కాదేమో. బయటి ఊళ్ళ పోటీలంటే చాలు, "అవి నాకు పడవు" అని మాట తప్పించేవాడు. పెద్దాయనకు గర్వమని నేను అనుకునేదాన్ని. కాలేజీ నుంచి నాకు తోడు పంపడానికి ఎవరూ దొరకలేదు. చివరికి మా నాయన వచ్చాడు. చేను పచ్చగా ఉండుంటే ఆయన కలుపు తీయించడమో, మందు కొట్టడమో చేసుకుంటూ ఊళ్ళోనే ఉండేవాడు. పంట పోయింది కాబట్టి తీరిక దొరికింది. తెల్ల పంచె, భుజాన తువ్వాల, సంచిలో నా రాకెట్. రాకెట్ పిడి సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటే తాడిపత్రి బస్టాండులో ఒకాయన అది దోమల్ని కొట్టేదా అని అడిగాడు. "ఏమో సామీ, మా పాపకు తెల్సు" అన్నాడు నాయన.

నంద్యాలలో ఆ కాలేజీ కోర్టు చూసి నాకు కళ్ళు తిరిగాయి. నాలుగు వైపులా వల, వలకు ఆకుపచ్చ గుడ్డ. గుడ్డ వెనక మూడు పక్కలా మేడలు, నాలుగో పక్క వరసగా ఎత్తైన అశోక చెట్లు. మొదటి ఆటలో నా ఎదుటి అమ్మాయికి జ్వరమొచ్చి రాలేదు, నన్ను ఊరికే గెలిపించారు. నేను అది దేవుడి దయ అనుకున్నాను. ఆ అమ్మాయి వచ్చి ఉంటే నా జబ్బు ముందే బయటపడేది. రెండో ఆట గెలిస్తే నలుగురిలో ఒకదాన్ని.

రెండో ఆటలో కర్నూలు పిల్ల. తెల్ల గౌను, తలకు పట్టీ. నేను చుడీదారు మీదే ఆడేదాన్ని. ఆట మొదలుపెట్టేముందు నేను ఆ అమ్మాయి దగ్గరికి పోయి, "ఈడ పడమర ఎటు?" అని అడిగాను. ఆ అమ్మాయి విచిత్రంగా చూసి, అంపైర్ను చూసింది. ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైరు ఆ కాలేజీ లెక్చరరే. "ఎందుకమ్మా, దణ్ణం పెట్టుకోవాలా?" అన్నాడు. "కాదు సార్, సర్వీసుకు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి అశోక చెట్ల వైపు చూపించాడు. వాస్తు చూసి ఆడే అమ్మాయి వచ్చిందని అవతల ఎవరో అనడం, నవ్వడం వినిపించాయి. వినిపించనట్టు నిలబడ్డాను. లోపల మాత్రం ఉడికిపోయాను.

మొదటి బంతిని అశోక చెట్ల వైపుకు మూరెడు ఎగరేశాను. అది అక్కడే ఉండిపోయింది. నా దగ్గరికి రాలేదు. దాన్ని అందుకోవడానికి ఒంటికాలి మీద పక్కకు ఒరిగిపోయి కొడితే పక్క వలకు తగిలింది. రెండోది కూడా అంతే. రెండూ తప్పితే డబుల్ ఫాల్ట్, పాయింట్ అవతలివాళ్ళకు. మూడోసారి ఇంకొంచెం ఒరిగి, తూలి, చేతులు ఆనించి నేల మీద కూర్చున్నాను. బంతి నా నెత్తిన పడింది. నేను సర్వీసు చేసిన ప్రతి గేమూ ఇదే తంతు. నాలో ఏదో పాడైపోయిందనుకున్నాను. మోకాళ్ళు ఇంకా వంచాను. వీపు ఇంకా గోక్కున్నాను. పద్దెనిమిది రూల్సూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి అప్పజెప్పుకున్నాను. మూడో రూలు ఇంకా గట్టిగా పాటించాను. కర్నూలు పిల్లకు రాకెట్ కదిలించే పని కూడా లేకుండా పోయింది. మొదటి సెట్ ఆరు ఒకటితో పోయింది. ఆ ఒక్కటీ ఆ పిల్ల జాలిపడి వదిలిందేమో.

విరామంలో నీళ్ళ సీసా పట్టుకుని ఒక మూలకు పోయి కూర్చున్నాను. ఎవరి మొహమూ చూడాలనిపించలేదు. నాయన వలకు అవతల గొంతుకూర్చున్నాడు.

"పాపా, బంతిని అంత దూరం యాల ఇసురుతాండావు?"

"అట్లే ఇసరల్ల నాయనా. రూలు. నీకేం తెల్సు ఇట్లాంటివి, ఊరుకో."

నాయన ఊరుకోలేదు. "ఈడ గాలి యాడుండాది?" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. అశోక చెట్ల మీద ఒక్క ఆకు కదలడం లేదు. వలకు కట్టిన గుడ్డ తడిబట్టలా వేలాడుతోంది. ఉదయం నుంచీ చెమటతో ముద్దై తిరుగుతున్న నాకు, గాలి లేదన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

"కళ్ళంలో ఎట్ల సేస్తాం?" అన్నాడు నాయన. "గాలి ఎంతుంటే అంత ఎడంగా నిలబడి సేట వంపుతాం. గాలి పడిపోతే గింజా పొట్టూ రెండూ కాళ్ళకాడనే పడ్తాయి. నువ్వు ల్యాని గాలికి పోస్తాండావు. నిట్టనిలువునా ఎయ్యి."

పైనుంచి అంపైరు గొంతు వచ్చింది. "ఎవరయ్యా నువ్వు, కోచ్‌వా? మ్యాచ్ జరుగుతుండగా కోచింగ్ ఇవ్వకూడదని తెలీదా?"

"మా నాయన సార్" అన్నాను.

"ఎవరైనా సరే. ఇంకోసారి నోరు విప్పితే పాయింట్ తీసేస్తాను." కాగితం మీద ఏదో రాసుకున్నాడు కూడా. జీవితంలో టెన్నిస్ ఆట చూడడం అదే మొదటిసారి అయిన మా నాయనకు, ఆ విధంగా కోచ్ హోదా దక్కింది. నాయన తువ్వాలతో నోరు మూసుకుని, తల గట్టిగా ఊపాడు.

తెలిసినంత మాత్రాన చెయ్యి మాట వింటుందా? రెండో సెట్‌లో సర్వీసు నా వంతు రాగానే నిటారుగా ఎగరెయ్యాలని ఒట్టు పెట్టుకుని మరీ నిలబడ్డాను. చెయ్యి తనంతట తాను అశోక చెట్ల వైపుకు పోయింది. బంతిని కొట్టకుండా వదిలేసి పట్టుకున్నాను. మళ్ళీ అదే. అప్పుడు వల అవతల నాయన వంగి నేల మీద నుంచి చిటికెడు మన్ను తీసుకోవడం కనిపించింది. నాకు ఎదురుగా చెయ్యెత్తి మన్నును మెల్లగా వదిలాడు. అది ఎటూ పోకుండా తిన్నగా ఆయన చెప్పుల మీద పడింది. కళ్ళంలో గాలి చూడడానికి ఆయన ఎప్పుడూ చేసే పనే. నేను మన్ను పడిన దారిని చూసి, అదే దారిలో బంతిని పైకి పంపాను. బంతి నా నెత్తిన, నేను చాచిన చెయ్యి చివర, వచ్చి నిలబడింది. కొట్టాను. హాస్టల్ కిటికీలోంచి తలలు బయటికి వచ్చిన రోజునాటి చప్పుడు వచ్చింది. కర్నూలు పిల్ల అడుగు వెనక్కి వేసింది.

అప్పటినుంచి నేను సర్వీసుకు నిలబడిన ప్రతిసారీ నాయన చిటికెడు మన్ను వదిలేవాడు. నేను అటు చివరకు మారితే ఆయన కూడా సంచి పట్టుకుని అటు వచ్చి కూర్చునేవాడు. నాలుగు గేములు అయ్యాక అంపైరుకు అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, ఏంటది?"

నాయన నోరు విప్పకూడదు కదా. అరచెయ్యి తెరిచి చూపించాడు.

"మన్ను సార్" అన్నాను నేను.

అంపైరు రూల్సు పుస్తకం తెరిచాడు. కొన్ని కాగితాలు తిప్పాడు. మన్ను గురించి ఏమీ దొరకలేదనుకుంటా, మూసేసి "ప్లే" అన్నాడు. నాయన చెప్పుల మీద ఎర్రగా మన్ను పేరుకుంది. రెండో సెట్ ఆరు నాలుగుతో నాది.

మూడో సెట్ గురించి నేను గొప్పలు చెప్పుకోను. నాకు సర్వీసు తప్ప ఇంకేమీ రాదు. కర్నూలు పిల్లకు అన్నీ వచ్చు. నా సర్వీసు గేములు నేను గెలిచేదాన్ని, తనవి తను గెలిచేది. చివరికి ఎట్లాగో తనది ఒకటి నాకు చిక్కి, ఆరు అయిదు మీద సర్వీసు నాకొచ్చింది. నలభై ముప్పై. ఒక్క పాయింట్ వస్తే చాలు. మొదటి సర్వీసు నెట్‌లో పడింది. ఇట్లాంటప్పుడు ఎవరైనా రెండోది మెల్లగా, భద్రంగా వేస్తారు. తాత నాకు రెండో సర్వీసు నేర్పలేదు. "మొదటిది సరిగ్గా కొడితే రెండోది యాల?" అనేవాడు. నా సీటు, నా ఉద్యోగం, నేను స్కూలు గ్రౌండులో విజిల్ మెడలో వేసుకుని నిలబడడం, అన్నీ ఆ బంతిలో ఉన్నాయి. ఆ బంతిని మెల్లగా కొట్టడం నాకు చేతకాదు. మోకాళ్ళు వంచాను, నేలను తన్నాను. కుదుపు ఒక్కో పెట్టె దాటుకుంటూ పైకి పోవడం నాకు ఒంట్లో తెలిసింది. చెంబు పక్కకు ఒలికింది. బంతి మధ్య గీత మీద సున్నం లేపి వెనక వలకు గుద్దుకుంది. కర్నూలు పిల్ల ఇంకా నా వైపే చూస్తోంది.

నాయన వంగి మళ్ళీ మన్ను తీసుకుంటున్నాడు.

"అయిపాయ నాయనా!" అని అరిచాను.

"గెలిచినామా?" అని అడగబోయి, అంపైర్ను చూసి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను వల పట్టుకుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆయనకు అర్థం కాక, వల సందుల్లోంచి వేళ్ళు పెట్టి నా వేళ్ళు పట్టుకున్నాడు. ఆయన చేతికి ఉన్న మన్నంతా నాకు అంటింది. మరునాడు తర్వాతి ఆటలో ఒకమ్మాయి నన్ను అరగంటలో చిత్తుగా ఓడించింది. దాంతో నాకు పనిలేదు. జట్టు జాబితాలో నాలుగో పేరు నాది.

అనంతపురంలో బస్సు దిగగానే తాతను చూడ్డానికి పోయాం. రోగిని చూడ్డానికి ఉత్తచేతులతో పోకూడదని నాయన ఒక సంచి చీనీకాయలు, అదే బత్తాయిలు, తీసుకున్నాడు. దారిలో నేను నాయనకు వెయ్యిసార్లు చెప్పాను, మూడో రూలు సంగతి ఎత్తవద్దని. ఆయన కంటి ఆపరేషన్ అయి పడుకున్నాడు, తప్పు నేర్పాడని చెప్పి బాధపెట్టడమెందుకని. నాయన అన్నిటికీ సరేనన్నాడు.

తాత మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఉన్నాడు. జట్టులోకి వచ్చానని చెప్పగానే లేవబోయాడు. లోపలినుంచి తాత భార్య, అవ్వ, అరిచింది. "వంగద్దు, పైకి సూడద్దు అని డాక్టరు సెప్పినాడా ల్యాదా?" తాత మళ్ళీ ఆనుకున్నాడు. "సర్వీసు ఎట్ల పడింది పాపా?" అన్నాడు.

"బాగా పడింది తాతా."

"యాడ బాగా పడింది?" అన్నాడు నాయన. "మొదట్లో ఒక్కటీ పడల్యా. గాలి ల్యాకపోతే ఎట్ల ఎయ్యల్లనో నువ్వు సెప్పల్యా కదప్పా పాపకు. ల్యాని గాలికి ఎగరేసి ఎగరేసి ఒక ఆట పోగొట్టుకునింది."

నేను నాయన కాలు తొక్కాను. లాభం లేదు. మొత్తం చెప్పేశాడు. పడమర ఎటని అడగడం దగ్గరనుంచి చిటికెడు మన్ను దాకా ఏదీ వదల్లేదు. తాత నవ్వుతాడేమో, లేదా కోప్పడతాడేమోనని చూశాను. ఆయన ఒంటికన్నుతో గోడను చూస్తూ ఉండిపోయాడు.

"సికింద్రాబాదులో రైల్వేవాళ్ళ పోటీలు" అన్నాడు చివరికి. "అప్పుడు నాకు ముప్పై ఏండ్లుంటాయేమో. గుంతకల్లులో నా సర్వీసును ఆపిన మొగోడు ల్యాడు. అందరూ కలిసి ఎగేసి పంపినారు. ఆడ పోయినాక ఒక్కటంటే ఒక్కటి పడల్యా. నవ్వినారు పాపా, జనాలు. బంతి నా మాట ఇనల్యా." కంటి కట్టు సర్దుకున్నాడు. "పెద్ద ఆటకు నా సెయ్యి పనికిరాదనుకున్నా. మళ్ళా యాడికీ పోలేదు. ఇన్నేండ్లు గోడకు కొట్టుకున్నా, ఒంటిగా కొట్టుకున్నా."

నేను ఆయన గర్వమనుకున్నది గర్వం కాదు. నాతో రోజుకు వంద బంతులు ఎగరేయించిన ఆయన, ఎక్కడ తప్పిందో తెలియకనే, తనకు జరిగింది నాకు జరగకూడదని అంత కష్టపడ్డాడు.

"ఆ పొద్దు ఆడ గాలి ఉండిందా?" అని అడిగాడు నాయన.

తాత కన్ను మూసుకుని ఆలోచించాడు. "ల్యాదప్పా" అన్నాడు. "సెమటకు రాకెట్ జారిపోతాండె."

"అట్లయితే నీ సెయ్యిదేం తప్పు ల్యాదు" అన్నాడు నాయన, వాన రాదు అని చెప్పినంత మామూలుగా.

తాత దిండ్ల మీదినుంచి లేచి కూర్చున్నాడు. లోపలికి చూసి, "ఏమే, ఫ్యాను ఆపు" అన్నాడు. అవ్వ వచ్చి, ఈ ఉక్కలో ఫ్యాను ఆపమనేది ఏమిటని గొణుగుతూనే ఆపింది. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా తాత ఆగాడు. తర్వాత మా సంచిలోంచి ఒక చీనీకాయ తీసుకుని, ఎడమ అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాచి, నిట్టనిలువుగా ఎగరేశాడు. అవ్వ "కన్ను, కన్ను" అని కేకలు పెడుతున్నా తలెత్తి దాన్నే చూశాడు. అది దూలం కిందిదాకా పోయి, అక్కడ ఒక్క క్షణం నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు ఒంటికంటికి దూరం తెలియక ఆయన చేతికి అందలేదు, మంచం అంచుకు తగిలి ఎటో దొర్లిపోయింది.

"సక్కగా పోయిందా పాపా?"

"సక్కగానే పోయింది తాతా" అన్నాను.

అది ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా, ఇంకోటి ఇమ్మని ఆయన చెయ్యి చాచాడు.